పెన్సిలుతో రాసిన కార్డు

ఆ ఏడు ఎల్డర్‌కోట్ హాల్ అనే పాత భవంతి సందర్శకులకి తలుపులు తెరిచింది మార్చి మూడో బుధవారం. మూసింది నవంబరు మొదటి వారంలో. మధ్యలో గడిచిన ఏడున్నర నెలల్లో నేను చేసిన వెధవపనికి పట్టింది ఐదు నిమిషాలు. మిగిలిన కాలమంతా దాన్ని కప్పిపుచ్చుకోవడానికే సరిపోయింది.

తలుపులు తెరిచే రోజు పొద్దున్నే గైడ్లం అందరం చేసే మొదటి పని కుర్చీల మీద ముళ్ల కాయలు పెట్టడం. పొలం గట్ల మీద దొరికే కాయలే, ఎండితే ముళ్లు గట్టిపడతాయి. రెండు వందల ఏళ్ల నాటి పట్టు కుర్చీ మీద ఒకటి పెడితే చాలు, ఎవరూ కూర్చోరు. కూర్చోవద్దని బోర్డు పెడితే మాత్రం పంతానికి పోయి మరీ కూర్చుంటారు. ఈ కిటుకు నాకు చెప్పింది మా అక్క థెల్మా. ఆ ఇంటి గురించి నాకు తెలిసినవన్నీ ఆమె చెప్పినవే.

అక్క బడిలో భూగోళం పాఠాలు చెప్పి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. నేను మార్ల్‌స్టో పోస్టాఫీసు కౌంటర్లో ముప్పై ఏళ్లు స్టాంపులు అమ్మి, మా ఆయన పోయాక అక్క ఇంట్లో చేరాను. బుధవారం, శనివారం నా చిన్న కారులో ఇద్దరం హాల్‌కి వెళ్లేవాళ్లం. జీతం ఉండదు. మధ్యాహ్నం టీ, నిన్నటి కేకు ముక్క ఉంటాయి.

పసుపు పడకగది అక్కది. నిజానికది లేడీ హెన్రియెట్టాది, కానీ ఆవిడ పోయి రెండు వందల ఏళ్లయింది. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ గదిలో నిలబడి ఆవిడ కథ చెప్తున్నది అక్క. మొగుడు యుద్ధానికి వెళ్తే ఆవిడ పదకొండేళ్లు కూర్చుని మంచం చుట్టూ వేలాడే పసుపు పట్టు తెరల మీద పూలూ పిట్టలూ కుట్టింది. అక్క అంతా చెప్పి, చివర్లో గొంతు తగ్గించి అనేది: "ఇప్పుడు అందరూ ఒక తేనెటీగని వెతకండి. ఒక్కటే తల్లకిందులుగా ఉంటుంది. మొగుడొస్తున్నాడని కబురొచ్చింది ఆ రోజే. సూది ఎటు పోతోందో ఆవిడకే తెలీలేదు పాపం." అంతే, పెద్ద పెద్ద వాళ్లు కూడా మోకాళ్ల మీద కూర్చుని వెతికేవాళ్లు.

నాది వంటిల్లు. తొమ్మిదేళ్లుగా రాగి గిన్నెలు. రాగి గిన్నెల గురించి ఎవరైనా ఎంతసేపని చెప్తారు? పై అంతస్తులో తేనెటీగ దొరికినవాళ్ల కేరింత వినిపించినప్పుడల్లా నాకు కడుపులో ఎక్కడో మండేది. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను. తర్వాత చెప్తే సాకులాగా ఉంటుంది.

గుమ్మం దాటగానే వచ్చే పెద్ద గది డెరిక్‌ది. నలభై ఏళ్లు మార్ల్‌స్టో బస్సు నడిపిన మనిషి, గొంతు ఇంకా బస్సంతా వినపడేలా ఉండేది. ఆ మార్చిలో మమ్మల్ని చూడగానే, "ఏం అమ్మాయిలూ, చలికాలం దాటేశారే!" అన్నాడు.

"నువ్వు దాటావో లేదో చూద్దామని మేమే వచ్చాం," అంది అక్క.

"నేను పోతే నీకు ఉల్లికాడలెవరు తెస్తారు?" అని కాగితం సంచీ ఆమె చేతిలో పెట్టాడు. తన మడిలో ఏది పండితే అది ప్రతి బుధవారం అక్కకి తెచ్చేవాడు. ఇరవై ఏళ్లుగా ఉన్న అలవాటు. నాకు మాత్రం ఎప్పుడూ తేలేదు.

గురువారాలు పరాయి ఇళ్లు చూడ్డానికి పోయేవాళ్లం. మా ఊరి చుట్టూ ఇరవై మైళ్లలో పాత భవంతులు, మ్యూజియాలు, బొమ్మల గ్యాలరీలు కలిపి పదిహేడున్నాయి. అన్నీ చాలాసార్లు చూసినవే. అక్కకి వస్తువులతో పనిలేదు, గైడ్లకి పదికి ఇన్నని మార్కులు వేయడమే పని. బడి మానేసినా ఆ బుద్ధి మానలేదు. కారెక్కే ముందు టీ గది పక్కన బల్ల దగ్గర ఆగి, దారంతో కట్టిన పెన్నుతో అభిప్రాయాల కార్డు నింపందే కదిలేది కాదు.

పెన్నంటే గుర్తొచ్చింది. నేను చేరిన మొదటి వారం జేబులో పెన్నుతో పసుపు గదిలోకి వెళ్తే అక్క లాక్కుని కిటికీలోంచి పారేసినంత పని చేసింది. "పట్టు మీద సిరా గీత పడితే మళ్లీ కుడుతుందా లేడీ హెన్రియెట్టా?" అని తన మెడలో వేలాడే పెన్సిలు తీసి నా మెడలో వేసింది. ఆ రోజు నుంచి హాల్‌కి వెళ్తే రాయడానికి నా దగ్గర పెన్సిలు తప్ప మరొకటి ఉండేది కాదు.

ఏప్రిల్లో మొదలైంది. పదకొండేళ్లు కుట్టిందన్నది ఒకరోజు అక్క నోట నలభై ఏళ్లయింది. "నలభై ఏళ్లా! ఆ మొగుడు యుద్ధానికి నడిచి వెళ్లాడా థెల్మా?" అని డెరిక్ అందరి ముందూ నవ్వాడు. అక్కా నవ్వింది, కానీ చెవులు ఎర్రబడ్డాయి.

మే నెలలో ఒక గురువారం తాళాల మ్యూజియానికి వెళ్లాం. అక్కడొక కుర్రాడు గైడు. అక్క వాడిని, "ఈ పెద్ద తాళం ఏ జైలుది నాయనా?" అని అడిగింది. చెప్పాడు. గది చుట్టి వచ్చి మళ్లీ అదే అడిగింది. వాడు మళ్లీ చెప్పాడు. వెళ్లే ముందు మూడోసారి అడిగింది. వాడు అదే నవ్వుతో మూడోసారీ చెప్పి, నా వంక చూశాడు. నేను తాళాల వంక చూశాను.

కార్లో కూర్చున్నాక అక్క, "నాలుగు మార్కులు," అంది. "మర్యాదస్తుడే. కానీ చెప్పిందే మూడుసార్లు చెప్తాడేంటి వెర్రివాడు?"

ఆ మాటకి నేను నవ్వాను కూడా. అక్కడే కారాపి, అక్కా, డాక్టరు దగ్గరికి వెళ్దామా అని ఉండాల్సింది. అనలేదు. చిన్నప్పటి నుంచీ నా తప్పులు దిద్దింది ఆమె. ఆమె తప్పు చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

జూన్ రెండో శనివారం మధ్యాహ్నం రాగి గిన్నెలు వదిలేసి పైకి వెళ్లాను. పసుపు గదిలో కిటికీ తెరలు బార్లా తీసి ఉన్నాయి. ఎండ నేరుగా మంచం మీద పడుతోంది. ఆ పట్టుకి ఎండ తగలకూడదని ఇరవై ఒక్క ఏళ్లుగా కాపలా కాసిన మనిషి, ముళ్ల కాయ తీసి కింద పెట్టి, లేడీ హెన్రియెట్టా కుర్చీలో కూర్చుని ఉంది. గుమ్మంలో ఒక జంట మూతులకి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నారు.

తెరలు దించేశాను. "అక్కా, లే. ఈ కుర్చీలో కూర్చోకూడదు కదా."

"ఎందుకు కూర్చోకూడదు? మనింట్లో కుర్చీయే కదా?" అంది. తర్వాత కింద ఉన్న ముళ్ల కాయని చూసింది. వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది. "ఏవ్రిల్, నేనెంతసేపటి నుంచి కూర్చున్నాను?"

"ఇప్పుడే, ఒక్క నిమిషం," అన్నాను. ఎంతసేపో నాకేం తెలుసు?

"ఎవరికీ చెప్పకు."

"చెప్పను."

ఆ మాట నిలబెట్టుకున్నాననే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు మరి, రాశాను. తర్వాతి బుధవారం భోజనాల వేళ, మా హాల్ టీ గది పక్కన బల్ల మీది అభిప్రాయాల కార్డొకటి కోటు మాటున వంటింట్లోకి తెచ్చుకుని, నా చేతిరాత తెలియకుండా పెద్దక్షరాల్లో రాశాను. 'పసుపు పడకగదిలోని పెద్దావిడ చాలా తడబడుతున్నారు. ఆవిడకి విశ్రాంతి ఇస్తే బాగుంటుంది. లీడ్స్ నుంచి వచ్చిన సందర్శకురాలు.' రాసింది మళ్లీ చదువుకోలేదు. వెళ్లి ఆ బల్ల మీదున్న కార్డుల డబ్బాలో వేసేశాను.

అక్క మంచికే అనుకున్నాను. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అన్నారంటే అంత నొప్పి ఉండదనుకున్నాను. లేడీ హెన్రియెట్టా తెరలు పాడైతే అక్క పరువేం కావాలనీ అనుకున్నాను. వీటిలో అబద్ధమేమీ లేదు. కానీ కార్డు డబ్బాలో పడిన చప్పుడుతో పాటే, పసుపు గది ఇక ఎవరికిస్తారో అన్న ఆలోచన కూడా వచ్చింది.

హాల్ వ్యవహారాలు చూసే ఫెనెల్లా మా ఇద్దరినీ తన గదికి పిలిచింది. ముప్పై ఏళ్ల పిల్ల, మంచి పిల్ల. ఏడుపు మొహంతోనే మొదలుపెట్టింది. "థెల్మా, మీరంటే మాకెంత గౌరవమో మీకు తెలుసు. ఇంతసేపు నిలబడటం మీకు కష్టమవుతోందేమో..."

"ఎవరో ఏదో రాశారన్నమాట," అంది అక్క. "ఇలా ఇవ్వు."

"అది మీకు చూపించకూడదు..."

"ఇరవై ఒక్క ఏళ్లు పనిచేశానమ్మా. ఇవ్వు."

కార్డు తీసుకుని కళ్లజోడు పెట్టుకుంది. చదవడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత చాలాసేపు చూస్తూనే ఉండిపోయింది. అక్షరాల మీద బొటనవేలుతో ఒకసారి రుద్ది, ఆ వేలు చూసుకుంది. కార్డు వెనక్కి ఇచ్చేసి, "సరే, గది ఖాళీ చేస్తాను," అంది.

గేటు దగ్గర కరపత్రాలు పంచే బల్ల ఆమెకిచ్చారు. గది సంగతి అక్కడే తేలిపోయింది. "ఏవ్రిల్, మీరు తీసుకుంటారా?" అని ఫెనెల్లా అడిగింది. "తీసుకుంటాను," అన్నాను. కాస్త ఆగి అని ఉండాల్సింది. అక్క నా వైపు తిరిగి చెయ్యి నొక్కింది. "నీకే ఇమ్మందామనుకున్నా. నాకదే తృప్తి," అంది.

ఇంటికొచ్చాక కోటు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడింది. "అది పెన్సిలు," అంది.

"ఏది?"

"ఆ కార్డు. బల్ల మీద దారాలతో కట్టిన పెన్నులు మూడుంటే, లీడ్స్ నుంచి వచ్చినావిడకి పెన్సిలెక్కడిది? వేలికి మసంటింది. పెన్సిలు మెడలో వేసుకు తిరిగేది మనమే. రాసింది మనవాళ్లే ఏవ్రిల్."

నా మెడలో పెన్సిలు ఇంకా వేలాడుతూనే ఉంది. చెయ్యి దాని మీదికి పోబోతే పంటి బిగువున ఆపుకున్నాను.

"డెరిక్," అంది అక్క. "నలభై ఏళ్లా అని నవ్వలేదూ! ఇన్నేళ్ల స్నేహం. మొహం మీద చెప్పుంటే నేనే తప్పుకునేదాన్ని కదా? దొంగచాటుగా రాయడమేంటి?"

కెటిల్‌లో నీళ్లు మరుగుతున్నాయి. కాదక్కా, డెరిక్ కాదు, నేను. నాలుగు మాటలు. వాటికి బదులు, "టీలో పాలు పొయ్యనా?" అన్నాను.

తర్వాతి బుధవారం డెరిక్ కాగితం సంచీలో కొత్త బఠాణీలు తెచ్చాడు. అక్క అతని చేతిలో ఒక కరపత్రం పెట్టి, ఊరూపేరూ తెలియని మనిషితో అన్నట్టు, "హాల్ ఆ వైపండీ," అంది. సంచీ సాయంత్రం దాకా బల్ల మీదే ఉండిపోయింది. అలా నాలుగు బుధవారాలు. బఠాణీలు పోయి టొమాటోలు వచ్చాయి. నాలుగోనాడు డెరిక్ నన్ను మెట్ల కింద ఆపాడు. బస్సంతా వినపడే గొంతు గుసగుసకి దిగిపోయింది.

"నేనేం చేశాను ఏవ్రిల్? నిజం చెప్పు."

"నువ్వేం చెయ్యలేదు. వయసు కదా డెరిక్, ఒక్కోరోజు మనుషుల్ని పోల్చుకోదు," అన్నాను.

అంత తేలిగ్గా వచ్చేసింది అబద్ధం. అక్కకి వచ్చిన జబ్బుని నా తప్పు మీద దుప్పటిలా కప్పాను. మొదటిది భయం కొద్దీ చేశాను. ఇది తెలిసి తెలిసి చేశాను. డెరిక్ తల ఊపి, ఆ వారంలోనే ఆదివారాలకి మారిపోయాడు. ఆగస్టులో అక్క కూడా హాల్ మానేసింది. గురువారాలూ ఆగిపోయాయి. "ఎందుకులే, అందరికీ పదికి పది వేసేశా," అంది.

పసుపు గదిలో నేను రాణించాను. దాచేదేముంది? అక్క మాటలే, అక్క గొంతు తగ్గించే చోటే తగ్గించి చెప్పాను. జనం మోకాళ్ల మీద కూర్చుని తేనెటీగని వెతికారు. ఒకరోజు ఫెనెల్లా ఒక కార్డు తెచ్చి చూపించింది. పసుపు గదిలో గైడు అద్భుతం అని నీలం సిరాతో రాసి ఉంది. సంతోషంతో ఒళ్లు పొంగింది. ఆ తర్వాత మెట్లు దిగుతుంటే నా మీద నాకే రోత పుట్టింది.

సెప్టెంబరులో డాక్టరు పేరు పెట్టి చెప్పాడు. మతిమరుపు జబ్బు, ముందుకే గానీ వెనక్కి పోదన్నాడు. అక్క మంచి విద్యార్థిలాగా తల ఊపుతూ వింది. బయటికొచ్చాక, "నాలుగు మార్కులు. కళ్లలోకి చూసి మాట్లాడలేదు," అంది. ఆ రాత్రి నుంచే నాకు తొందర పట్టుకుంది. నేను చెప్పాల్సింది అర్థం చేసుకునే అక్క రోజురోజుకీ కొంచెం కొంచెంగా తగ్గిపోతోంది. పొద్దున్నే చెప్పాలని లేచేదాన్ని. ఇవాళ సంతోషంగా ఉంది కదా పాడుచేయడమెందుకని ఒకరోజు, ఇవాళ దిగులుగా ఉంది కదా ఇంకా కుంగదీయడమెందుకని ఇంకోరోజు. అక్టోబరంతా ఇలాగే దొర్లిపోయింది.

నవంబరు మొదటి వారంలో ఇంటిని నిద్రపుచ్చాం. మేమలాగే అంటాం. ముళ్ల కాయలన్నీ బుట్టలోకి ఏరి, సామాన్లు దులిపి, ప్రతి దాని మీదా తెల్ల దుప్పటి కప్పుతాం. ఆ రోజు అందరూ రావాల్సిందే కాబట్టి డెరిక్ కూడా వచ్చాడు. పసుపు గది మంచానికి ఇద్దరు మనుషులు కావాలి. అతనొక చివర, నేనొక చివర దుప్పటి పట్టుకున్నాం.

"ఆ కార్డు రాసింది నేనే," అన్నాను.

ఏ కార్డని అతను అడిగాడు. అతనికసలు కార్డు సంగతే తెలీదు. దుప్పటి అలా పట్టుకునే ఉండి అంతా చెప్పాను. పెన్సిలు సంగతి, అక్క ఎవరిననుకుందో, మెట్ల కింద నేనన్న అబద్ధం. అతను తన చివర వదల్లేదు. నేను చెప్పడం అయ్యాక జాగ్రత్తగా మంచం మీదికి దించి, మడత సరిచేశాడు.

"వేసంకాలమంతా నాకు నిద్రల్లేవు తెలుసా?" అన్నాడు. "సరే. ఇవన్నీ నాకు చెప్తే ఏం లాభం? చెప్పాల్సింది నాకు కాదుగా."

"నాతో ఇంటికి రా డెరిక్. నువ్వుంటే చెప్పగలను."

రానంటాడనుకున్నాను. తన కారులో నుంచి ఆపిళ్ల సంచీ తీసుకుని వచ్చాడు.

టీ వేళకి ఇంటికి చేరాం. అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉంది. డెరిక్‌ని చూడగానే మొహం గట్టిపడింది. మిగతావి ఎన్ని పోయినా ఆ కోపం మాత్రం పోలేదు.

"ఈయన్నెందుకు తీసుకొచ్చావ్?"

నేను ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను, తేనెటీగని వెతికేవాళ్లలాగా. "అక్కా, పసుపు గది గురించి కార్డొచ్చింది గుర్తుందా? పెన్సిలుతో రాసింది?"

"గుర్తుంది."

"అది డెరిక్ రాయలేదు. నేను రాశాను."

ఆమె నన్ను చూసింది. అర్థమైంది. ఆమెకి అర్థమవడం నా కళ్లతో చూశాను. కోపం వస్తుందనుకున్నాను, దానికి సిద్ధపడే వచ్చాను. వచ్చింది కోపం కాదు, భయం. ఆమెకి మందులిచ్చేది, స్నానానికి సాయం పట్టేది, రాత్రి తలుపులు వేసేది నేను. ఆ ఇంట్లో ఆమెకి ఇంకెవరున్నారు?

"నువ్వా?" అంది చిన్నగా. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. నా నుంచి కొంచెం వెనక్కి జరిగింది. "నువ్వు రాశావా?"

నేను నోరు తెరిచేలోగా డెరిక్ ముందుకొచ్చాడు.

"ఏవ్రిల్ మాటలు పట్టించుకోకు థెల్మా. నన్ను కాపాడాలని చెప్తోంది. రాసింది నేనే," అన్నాడు. గొంతు మళ్లీ పాత బస్సు డ్రైవరుది. "తప్పయిపోయింది. నీ మొహం మీద చెప్పే ధైర్యం లేకపోయింది. క్షమించు."

అక్క చాలాసేపు అతని వంక చూసింది. మెల్లగా కుర్చీ చేతిని వదిలింది. మళ్లీ ముందుకు జరిగింది.

"నాకు తెలుసు. అప్పుడే తెలుసు," అంది. "వెర్రివాడా, దొంగపని చేస్తే చేశావు, పెన్నుతో రాయద్దూ?"

"బుద్ధి లేకపోయింది."

"సరేలే. కూర్చో. ఎన్నాళ్లని మొహం తిప్పుకుంటాం? ఆ సంచీలో ఏంటి?"

"ఆపిళ్లు."

"పుల్లవేనా?"

"నీకు పుల్లవి తప్ప నచ్చవుగా."

అక్క నవ్వింది. ఏప్రిల్ తర్వాత అలా నవ్వడం నేను వినలేదు. నేను అడగాల్సిన క్షమాపణ డెరిక్ అడిగేశాడు. నాకు దొరకాల్సిన క్షమ అతనికి దొరికింది. ఇక దాన్ని అడగడానికి నాకు దారి లేదు. అడిగితే ఆమెకి మళ్లీ ఆ భయమే. ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాను. అక్క నా తల మీద చెయ్యి వేసి, ఎంతో గర్వంగా అంది:

"చూశావా ఏవ్రిల్? డెరికే అని నేనన్నానా లేదా?"

"అన్నావక్కా," అన్నాను.